పాత టియర్‌డ్రాప్ ట్రైలర్‌ను ఇంట్లోనే తిరిగి కట్టుకోవడం: వరంగల్ ఎండకు, వానకు ఆగేలా

టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని వెళ్లే చిన్న పడకగది. లోపల ఇద్దరు పడుకునేంత చోటు ఉంటుంది. వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. 1930ల్లో అమెరికాలో మొదలైన ఈ బండి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటి వెనక షెడ్లలో సొంతంగా కట్టుకునేవాళ్ల చేతుల్లో బాగా పాకింది. చాలావరకు అప్పటి కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి: పొడవు 8 అడుగులు, వెడల్పు 4, ఎత్తు 4. దానికి కారణం ప్లైవుడ్. షీటు అక్కడైనా ఇక్కడైనా 8×4 లోనే వస్తుంది కాబట్టి ఒక్కో పక్క గోడ ఒక్కో షీటులో తేలిపోతుంది.

మన దగ్గర ఇవి తక్కువే. హైదరాబాద్ నుంచి ఎవరో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నదో, ముచ్చటపడి కట్టించుకుని రెండేళ్లు తిరిగాక పొలం దగ్గర మామిడిచెట్టు కింద వదిలేసిందో దొరుకుతుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది, లోపల చెక్క మెత్తబడి ఉంటుంది. ఇలా మూలన పడ్డ బండ్లలో ఎక్కువ భాగం నీళ్ల వల్లే పాడయ్యాయి. అందుకే ఈ పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇక్కడ పడిన చుక్క ఎటు పోతుంది? ప్రతి జాయింటు దగ్గర, ప్రతి స్క్రూ దగ్గర ఆ ప్రశ్న వేసుకుంటూ పనిచేస్తే బండి మీ పిల్లల చేతికి కూడా వస్తుంది.

ముందు కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంతంగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకని కొనే ముందే ఆర్‌సీ తీసుకుని, చాసిస్ మీద చెక్కిన నంబరుతో సరిపోల్చుకోండి. మీరు ఏమేం మార్చదలచారో ఒక కాగితం మీద రాసుకుని ఆర్టీఏ ఆఫీసులో చూపించి, ఏది కుదురుతుందో ఏది కుదరదో తేల్చుకోండి. కారుకు టో బార్ (ట్రైలర్‌ను తగిలించే కడ్డీ) బిగించే సంగతి కూడా అప్పుడే అడగాలి. కాగితాలు లేని బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దనే నా సలహా. నెలల తరబడి కష్టపడి కట్టాక రోడ్డెక్కించలేకపోతే ఆ బాధ అంతా ఇంతా కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరా వెళ్లాక. వానలు తగ్గుతాయి, చెక్క ఆరుతుంది, జిగురు, పెయింటు సరిగ్గా పట్టుకుంటాయి. అప్పటి నుంచి ఉగాది దాకా మనకు పని కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఇపాక్సీ (రెండు ద్రవాలు కలిస్తే గట్టిపడే జిగురు) కలిపితే పూసేలోపే డబ్బాలో గట్టిపడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలంలో తప్పనిసరైతే తెల్లవారుజామున, కొంచెం కొంచెంగా కలుపుకోండి. వానాకాలంలో గాలిలోని తేమకు ఇపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. దాని మీద వేసిన రంగు నిలవదు.

చోటు విషయానికొస్తే సిమెంటు చేసిన వాకిలి, పైన రేకుల నీడ ఉంటే చాలు. మట్టి నేల మీద చెక్క పెట్టి వారం వదిలేస్తే చెదలు వెతుక్కుంటూ వస్తాయి.

విప్పడం

ఈ దశను తొందరపడి ముగించే వాళ్లే ఎక్కువ. నిజానికి సగం పని ఇక్కడే ఉంది. ముందు ఫోన్‌తో అన్ని వైపులా ఫోటోలు తీయండి. తలుపు, కిటికీ, లైటు, వైరు వెళ్లే రంధ్రం, దేన్నీ వదలొద్దు. ఆ తర్వాత సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని గోడల అడుగు అంచు, పైకప్పు మూలలు, వెనక తలుపు హింజ్ కింది దూలం, కిటికీల కింద పొడిచి చూడండి. మంచి చెక్కలోకి మొన దిగదు. పాడైన చెక్క అయితే మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. ఆ చోట్లన్నీ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. గుర్తులు కలుపుకుంటూ చూస్తే నీళ్లు నడిచిన దారి కనిపిస్తుంది. నీళ్లు చేరిన చోటు వేరు, లోపలికి దూరిన చోటు వేరు. ఫ్లోర్ మూల కుళ్లిందంటే తప్పు చాలాసార్లు నాలుగడుగుల పైన, పైకప్పు మీది అల్యూమినియం రేకు అంచు దగ్గర ఉంటుంది.

పైనుంచి కిందికి విప్పుకుంటూ రండి: ముందు అంచు పట్టీలు, తర్వాత రేకు, పైకప్పు, వెనక తలుపు, గోడలు, చివరికి ఫ్లోర్. తుప్పు పట్టిన స్క్రూలు రాకపోతే తల మీద డ్రిల్ వేసి తీసేయండి, చెక్కను చీల్చొద్దు. గోడ ఎంత పాడైనా పారేయకండి, కొత్త గోడకు అదే నమూనా. ఆ వంపును మళ్లీ గీయడం అంత సులువు కాదు. రెండు గోడల్లో బాగున్నదాన్ని కొత్త షీటు మీద పెట్టి గీసుకోండి. విరిగిన చోట సన్నటి పీవీసీ పట్టీ వంచి వంపు పూర్తి చేయండి. పాత పెయింటు గీకేటప్పుడు ముఖానికి మాస్కు తప్పనిసరి.

చాసిస్

చెక్క మొత్తం తీసేశాక మిగిలిన ఇనుమును వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో శుభ్రం చేయండి. చాసిస్ నంబరు ఉన్న చోట మాత్రం గ్రైండర్ ఆనించొద్దు. దాని మీద టేపు అంటించి పని చేసుకోండి. తర్వాత సుత్తితో మెల్లగా కొడుతూ వెళ్లండి. ఖంగుమనే చోట ఇనుము బాగున్నట్టు. మొద్దుగా పలికితే లోపల తుప్పు తినేసినట్టే. వెల్డింగ్ జాయింట్ల దగ్గర, ముందు బార్ చాసిస్‌ను కలిసే చోట, స్ప్రింగ్ బ్రాకెట్ల దగ్గర పగుళ్ల కోసం టార్చి వేసి చూడండి. మూలకు మూల టేపు పెట్టి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే ఫ్రేము వంకరపోయింది. దాని మీద కట్టిన తలుపు ఏదీ సరిగ్గా పడదు.

పైపు మార్చాల్సి వస్తే 50×50 మిల్లీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీలు) స్క్వేర్ పైపు ఈ సైజు బండికి సరిపోతుంది. మీటరుకు 4.3 కిలోల దాకా తూగుతుంది కాబట్టి మొత్తం ఫ్రేము 50 కిలోల చుట్టూ వస్తుంది. వెల్డింగ్ చేయి తిరిగినవాళ్లయితే సరే, లేకపోతే ఈ ఒక్క పనికి ఆటోనగర్ తీసుకెళ్లి అనుభవం ఉన్న మిస్త్రీ చేత చేయించండి. కారు వెనక జాతీయ రహదారి మీద వెళ్లే బండి అది. ముందు బార్ వెల్డింగ్ ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది. వెల్డింగ్ అంతా అయ్యాకే పెయింటు: ముందు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, దాని మీద రెండు కోట్ల ఎనామిల్. పైపు కొసలు మూసేయండి, అడుగున మాత్రం చిన్న రంధ్రం వదలండి. ఎలాగో లోపలికి వెళ్లిన తేమ బయటికి రావాలి కదా.

చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. గరగర శబ్దం వచ్చినా, పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలినా బేరింగులు మార్చాలి. టేపర్ బేరింగులైతే చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదిలి, కొత్త కాటర్ పిన్ను పెట్టాలి. కమాన్ పట్టీల్లో ఒక్కటి పగిలినా సెట్టు మొత్తం మార్చడం మేలు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. ఐదారేళ్లు దాటిన టైరును గాళ్లు లోతుగా ఉన్నా నమ్మొద్దు. నిలబడి ఉన్న బండి టైర్లు అరగకుండానే పగుళ్లు ఇస్తాయి. చిన్న కార్లకు వచ్చే 145/80 ఆర్12 సైజులో 74 లోడ్ ఇండెక్స్ టైరు ఒక్కోటి 375 కిలోలు మోస్తుంది. ఇలాంటి బండికి రెండూ కలిసి హాయిగా సరిపోతాయి. రిమ్ములు, టైర్లు మన ఊళ్లోనే దొరుకుతాయి, దారిలో పంక్చర్ అయినా టెన్షన్ ఉండదు.

ఫ్లోర్, గోడలు

దుకాణంలో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని అడిగితే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అని అడగండి. ఆ ప్రమాణం ప్రకారం నమూనా ముక్క 72 గంటలు మరిగే నీళ్లలో ఉడికినా పొరలు విడిపోకూడదు. తయారీలోనే చెదల మందు కూడా పట్టిస్తారు. అనుమానం ఉంటే అరచేతి అంత ముక్క కోయించుకుని ఇంట్లో పాత గిన్నెలో నాలుగైదు గంటలు ఉడకబెట్టండి. నాసిరకం అయితే పొరలు ఉబ్బి విడిపోతాయి. ఈ పరీక్షకు దుకాణదారు ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.

ఫ్లోర్‌కు 12 మిల్లీమీటర్లు, గోడలకు కూడా 12 చాలు. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది, అంత బరువు మోయించాల్సిన అవసరం లేదు. షీటు ముఖం కన్నా కోసిన అంచు నీళ్లను ఎక్కువ పీలుస్తుంది. అందుకని ప్రతి అంచుకూ, ప్రతి రంధ్రం లోపలా ఇపాక్సీ తాగినంత తాపండి. ఒక కోటు పీల్చుకున్నాక రెండోది, అవసరమైతే మూడోది. ఫ్లోర్ అడుగు భాగానికి రెండు కోట్ల ఇపాక్సీ, దాని మీద కార్లకు కొట్టే అండర్ బాడీ కోటింగ్. ఫ్లోర్‌ను చాసిస్‌కు బోల్టులతో బిగించేటప్పుడు రెండింటి మధ్య రబ్బరు పట్టీ పెట్టండి.

గోడ ఫ్లోర్ మీద కూర్చోకూడదు. ఫ్లోర్ పక్కకు ఆనుకుని, దానికన్నా రెండంగుళాలు కిందికి దిగాలి. అప్పుడు గోడ మీద జారిన చుక్క నేరుగా నేల మీద పడుతుంది, ఫ్లోర్ అంచులోకి దూరదు. పాత బండిలో గోడ ఫ్లోర్ మీద నిలబెట్టి ఉంటే దాన్ని మార్చే అవకాశం ఇదే.

పైకప్పు దూలాలకు, తలుపు చట్రానికి టేకు వాడండి. ఉత్తర తెలంగాణలో ఉండి టేకు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. సామిల్లులో సన్నగా కోయించుకోండి, బిల్లు మాత్రం తీసుకుని దాచుకోండి. వేరే కర్ర వాడితే బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి పూసి, బాగా ఆరనిచ్చి, పైన తేలిన ఉప్పు తుడిచాకే జిగురు వేయాలి.

పైకప్పు, రేకు

వంపు తిరిగే చోట మందపాటి ప్లై వంగదు. 3 మిల్లీమీటర్ల షీట్లు రెండు తీసుకోండి. మొదటిదాన్ని తడిగుడ్డతో గంటసేపు కప్పి, మెల్లగా వంచి, బెల్టులతో కట్టి ఒక రాత్రి అలాగే ఆరనివ్వండి. తర్వాత బిగించి, దాని మీద రెండోది జిగురుతో అతికించండి. రెండు షీట్ల జాయింట్లు ఒకే చోట రాకూడదు.

బరువు పైన పెట్టకూడదన్న సంగతి మన వాళ్లకు కొత్తది కాదు. రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ట్రైలర్‌కు కూడా పైన ఎంత తక్కువ బరువుంటే మలుపుల్లో అంత నిలకడ. పైన లగేజీ క్యారియర్ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి.

పైన వేసే అల్యూమినియం రేకు 0.8 మిల్లీమీటర్లది తీసుకోండి. దీన్ని ప్లైకి మొత్తంగా అతికించేయాలని చాలామందికి అనిపిస్తుంది. అలా చేయొద్దు. ఎండలో 65 డిగ్రీలకు ఎక్కిన రేకు, చలికాలం రాత్రి 12 డిగ్రీలకు దిగిన రేకు ఒకే పొడవు ఉండవు. 8 అడుగుల రేకులో ఆ తేడా దాదాపు 3 మిల్లీమీటర్లు. కదలడానికి చోటు లేకపోతే అది ఉబ్బి అలలు తేలుతుంది, స్క్రూ రంధ్రాలను సాగదీస్తుంది, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. రేకు ప్లై మీద ఊరికే పరుచుకుని ఉండాలి. అంచుల్లో మాత్రం అల్యూమినియం పట్టీ కింద నొక్కి పట్టాలి. రేకులో రంధ్రాలు స్క్రూ కన్నా కాస్త పెద్దవిగా వేయండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. అల్యూమినియం మామూలు ఇనుమును నేరుగా తాకకుండా మధ్యలో టేపో పెయింటో ఉండాలి. లేకపోతే తేమ తగిలినప్పుడు అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతుంది.

పట్టీ కింద బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు), పైన పీయూ (పాలీయూరెథేన్) సీలెంట్. సిలికాన్ మాత్రం బయట ఎక్కడా వాడకండి. చవక, ప్రతి దుకాణంలో ఉంటుంది, మొదటి ఏడాది బాగానే పనిచేస్తుంది కూడా. కానీ దాని మీద పెయింటు పట్టదు. ఒకసారి అది పూసిన చోట తర్వాత ఏ సీలెంటూ సరిగ్గా అంటుకోదు, మరమ్మతుకు దారి మూసుకుపోతుంది.

వెనక తలుపు

కారే బండి కారేది ముందుగా ఇక్కడే. పైకప్పు మీద జారిన నీరంతా హింజ్ గీత దాటి పోవాలి. మామూలు పియానో హింజ్ (తలుపు పొడవునా ఉండే ఒకే హింజ్) వాడితే దాని మధ్యలోంచి నీళ్లు కారతాయి. పైకప్పు రేకు కింద బిగించిన వెడల్పాటి రబ్బరు పట్టీని హింజ్ మీదుగా తలుపు పైకి మూడంగుళాలు దిగేలా వేయండి. పట్టీ పై అంచు రేకు కిందే ఉండాలి, రేకు మీద అతికిస్తే లాభం లేదు. తలుపు పక్కలకు చట్రం మీద చిన్న కాలువ తీసి, దాని లోపలి వైపు కారు డోర్ల రబ్బరు బీడింగ్ వేయండి. బీడింగ్ దాకా రాకముందే నీళ్లు ఆ కాలువలో పడి కిందికి పోతాయి.

తలుపు దూలాలను బండిలోనే, పక్క గోడల వంపు మీదే పెట్టి జిగురు వేయండి. విడిగా నేల మీద కట్టి తెస్తే జిగురు ఆరాక కొంచెం తెరుచుకుపోయి మూల దగ్గర వేలు దూరేంత సందు వస్తుంది. ఎత్తి పట్టడానికి డిక్కీ గ్యాస్ రాడ్లు సరిపోతాయి. తలుపును తూకం వేసి, ఆ బరువు చెప్పి కొనండి.

ఎండ

గోడల్లో, పైకప్పులో 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి థర్మకోల్ లాంటిది) షీట్లు పెట్టి, లోపల 3 మిల్లీమీటర్ల ప్లై మూయండి. రంగు తెలుపు, లేదా లేత గోధుమ. ముదురు రంగు ఎంత ముచ్చటగా ఉన్నా మన ఎండకు పనికిరాదు. ఫోమ్ వేడిని ఆలస్యం చేస్తుందే గాని ఆపేయదు. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండిలో ఎవరూ పడుకోలేరు. దీని కాలం అక్టోబర్ నుంచి మార్చి.

పైన ఒక ఫ్యాన్ వెంటు, కింద ఎదురు మూల గాలి లోపలికి వచ్చే కంత తప్పకుండా ఉండాలి. మూసిన డబ్బాలో ఇద్దరు రాత్రంతా ఊపిరి పీలుస్తారు. గాలి ఆడకపోతే ఊపిరాడదు, ఆదిలాబాద్ వైపు డిసెంబర్ రాత్రుల్లో గోడలన్నీ తేమ కక్కుతాయి. కంతలకు దోమల జాలీతో పాటు ఇనుప జాలీ కూడా కొట్టండి. ఎలుక దూరితే ముందు ఫోమ్, తర్వాత వైర్లు కొరికేస్తుంది.

కరెంటు

లెక్క వేసుకుంటే చిన్నదే. 20 వాట్ల ఫ్యాన్ తొమ్మిది గంటలు తిరిగితే 180 వాట్ అవర్లు, లైట్లకు 20, రెండు ఫోన్లకు 30. మొత్తం 230. 12.8 వోల్టుల 50 ఏహెచ్ (యాంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 ఉంటాయి, అంటే రెండు రాత్రులు నిశ్చింత. 100 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండ రోజున ఒక రాత్రి వాడకానికి మించే ఇస్తుంది. ప్యానెల్‌ను పైకప్పుకు బిగించకుండా విడిగా ఎండలో పెట్టుకోండి. బండి నీడలో ఉంటుంది, పైకప్పులో నాలుగు రంధ్రాలు తగ్గుతాయి.

బ్యాటరీ ప్లస్ దగ్గర జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ప్రధాన వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయండి. సన్నటి వైరుతో 12 వోల్టుల దగ్గర వోల్టేజీ ఇట్టే పడిపోతుంది. వెనక లైట్లకు ఎర్తు వైరు విడిగా లాగండి. టో బాల్ (ట్రైలర్ కూర్చునే కారు వెనక గుండు) మీదుగా ఎర్తు వస్తుందని వదిలేస్తే గ్రీజు, తుప్పు వల్ల లైట్లు మినుకుమినుకుమంటాయి.

వంట

స్టవ్వు, సిలిండర్ వెనక వంటగట్టు దగ్గరే, పడకగదిలోకి ఏ సందూ లేకుండా. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి లీకైతే కింద చేరుతుంది. సిలిండర్ అరకు అడుగున బయటికి కంత ఉండాలి. చలి వేస్తోందని బొగ్గుల కుంపటి లోపల పెట్టడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తలుపు పక్కనే తగిలించండి.

నీళ్ల పరీక్ష, తూకం

లోపలి ప్లై మూయకముందే ఈ పరీక్ష చేయాలి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో కింది నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో చోట పది నిమిషాలు నీళ్లు కొట్టాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతుందో తేలదు, నీళ్లు అంతటా జారిపోతాయి.

పని పూర్తయ్యాక సామాను సర్దుకుని ధర్మకాంటాకు తీసుకెళ్లండి. ఏనుమాముల మార్కెట్ వైపు, రైసుమిల్లుల దగ్గర ఎన్నో ఉన్నాయి. మొత్తం బరువు తెలిశాక ముందు కొక్కెం మీద పడే బరువు చూడాలి. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద కర్ర ముక్క నిలబెట్టి, బండి సమంగా ఉండేలా ముందు బార్‌ను దాని మీద దింపండి. మొత్తంలో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. 450 కిలోల బండికి 45 నుంచి 67 కిలోలు. అంతకన్నా తక్కువైతే వేగంలో బండి పాములా ఊగుతుంది. నీళ్ల క్యాన్, బ్యాటరీ చక్రాల కన్నా ముందుకు జరపండి.

కప్లర్ (టో బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొక్కెం) సైజు కూడా చూసుకోండి. 50 మిల్లీమీటర్ల బాల్, 2 అంగుళాల బాల్ చూపుకు ఒకటే. 2 అంగుళాలంటే 50.8. కప్లర్ మీద రాసిన సైజే బాల్ మీద ఉండాలి. భద్రతా గొలుసులు రెండూ బార్ కింద ఒకదానిమీదుగా ఒకటి దాటేలా తగిలించండి.

రోడ్డెక్కాక

మొదటి ప్రయాణం దగ్గరే పెట్టుకోండి. ములుగు రోడ్డు మీదుగా రామప్ప దాకా వెళ్లి రావడం మంచి పరీక్ష. ఇరవై కిలోమీటర్లకు ఆగి రెండు హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్ బిగువైంది. యాభై కిలోమీటర్ల దగ్గర చక్రాల నట్లు మళ్లీ బిగించండి. రివర్స్‌లో చిన్న ట్రైలర్ పెద్దదానికన్నా త్వరగా మెలితిరుగుతుంది కాబట్టి ఖాళీ మైదానంలో సాధన చేసి రండి. ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస పెట్టొద్దు. లక్నవరం, పాకాల వైపు వెళ్లినా బండి ఎక్కడ నిలపాలో ముందే కనుక్కోండి.

జూన్ వచ్చేసరికి బండిని సిమెంటు నేల మీద, ముందు భాగం నాలుగంగుళాలు ఎత్తి నిలపండి. పైకప్పు మీద నీళ్లు నిలవవు. తార్పాలిన్ రేకుకు అంటుకునేలా కట్టకుండా, కర్రల మీద ఎత్తుగా కప్పితే కింద గాలి ఆడుతుంది. పరుపు ఇంట్లోకి తెచ్చుకోండి, బ్యాటరీ విప్పి నీడలో పెట్టండి, టైర్లలో గాలి నింపి ఉంచండి. వాన ఆగిన రోజుల్లో తలుపులన్నీ తెరిచి, ఫ్లోర్ మూలల్లో చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసుకోండి. తడి తగిలితే దసరా దాకా ఆగకుండా ఆ పైనున్న పట్టీ విప్పి కొత్త బ్యూటైల్ టేపు వేయండి.